డ్రమ్ములకు పావడాలు కుట్టిన వదిన

పరామర్శకు వచ్చినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలో తెలియక మా వదిన కుట్టుమిషను చుట్టూ నిలబడ్డారు. గది చిన్నది, కుర్చీలు తక్కువ. మిషను ముందుండే చెక్క స్టూలు ఖాళీగానే ఉంది గానీ, దాని మీద కూర్చోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. పక్క స్థలంలో పెద్ద మేడ కట్టిస్తున్న పెద్దమనిషి, మా వీధిలో అందరూ మేడాయన అంటారు, వచ్చీ రాగానే దాన్ని కాలితో లాక్కుని కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. గోడ మీద వదిన ఫోటో చూసి నిట్టూర్చాడు.

"ఏం చేస్తాం! బతికినన్నాళ్ళూ దోమలు దోమలని వీధిని కుదురుగా ఉండనివ్వలేదు. ఆఖరికి ఆ దోమే పట్టుకుపోయింది," అన్నాడు.

మూలనున్న వాళ్ళలో ఒకరికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గు కింద మార్చుకున్నారు. ఇంకొకరు తల దించుకున్నారు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. నేను మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఆ పళ్ళెం నా చేతుల్లోనే ఎలా ఉండిపోయిందో ఇప్పటికీ తెలీదు.

ఆ మాట ఇప్పుడు వీధి వీధంతా తిరుగుతోంది. నీళ్ళ ట్యాంకరు దగ్గర, బడి గేటు దగ్గర, కూరల బండి దగ్గర. దోమ పిచ్చిది దోమకే పోయింది. ఎంత బాగా కుదిరిందో, చెప్పుకుని నవ్వుకోవడానికి! అందుకే ఆవిడెవరో, ఏం చేసిందో, ఎందుకు పోయిందో చెప్పాలనిపించింది. ఆ తర్వాత మేడాయనకు ఏం జవాబొచ్చిందో కూడా చెబుతాను.

మా వదిన అంటే మా ఆయనకు అక్క. భర్త బస్సు కండక్టరు. పెళ్ళయిన కొన్నేళ్ళకే పోయాడు, పిల్లలు లేరు. అత్తవారింటి నుంచి ఆవిడ తెచ్చుకున్నవి ఒక కుట్టుమిషను, ఒక మూటెడు మేజోళ్ళు. ఆయన మేజోళ్ళు లేకుండా బూట్లు వేసుకునేవాడు కాదట, రోజుకో జత. మేము అదే ఇంట్లో పై అంతస్తులో రెండు గదుల్లో ఉంటే, ఆవిడ కింద వీధి వైపు గదిలో దిగింది. కిటికీ పక్కన మిషను వేసుకుంది. బడి యూనిఫారాలు, పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, దిండు గలీబులు. పొద్దున కూర్చుంటే వెలుతురు పోయేదాకా ఆ కాళ్ళు ఆగేవి కావు.

నోరు మాత్రం కాళ్ళ కంటే జోరు. కొలతలు తీసుకుంటూనే మనిషి బండారం బయటపెట్టేది. "పోయినేడాది ప్యాంటు ఇరుకైందంటున్నారు. గుడ్డ తగ్గిందా, మీరు పెరిగారా? గుడ్డను నా దగ్గర వదిలి వెళ్ళండి, అడిగి చెబుతాను," అనేది. వాళ్ళూ నవ్వుకుంటూనే ఇచ్చి వెళ్ళేవాళ్ళు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో నోట్లో నాలుక లేని పిల్లని. ఎవరేమన్నా తల ఊపేదాన్ని. వదిన కొన్నాళ్ళు చూసి చూసి, "నోరు విప్పితే పళ్ళు రాలిపోతాయా ఏంటే పిల్లా? సరేలే, నీ వంతు కూడా నేనే మాట్లాడతాను. అరుగుతుందేమోనని దాచుకో నీ గొంతు," అంది. అన్నట్టే మాట్లాడింది. పాలవాడితో, ఇంటి ఓనరుతో, మా ఆయనతో, అందరితోనూ నా వంతు ఆవిడే మాట్లాడింది.

మిషను కింద ఎప్పుడూ చీకటే. కాళ్ళు అక్కడ, కళ్ళు సూది మీద. దోమలకు ఇంతకంటే ఏం కావాలి? పట్టపగలు పాదాలు పొక్కిపోయేవి. ఒకరోజు ఆ మూట విప్పి భర్త మేజోళ్ళు తొడుక్కుంది. మండుటెండల్లో మోకాళ్ళ దాకా మేజోళ్ళు! వీధిలో పేరు పడిపోయింది, మేజోళ్ళ వదిన అని. ఆవిడ తమకు వదిన వరస కాకపోయినా అందరూ అలాగే పిలిచేవాళ్ళు. "ఆయన ఉన్నప్పుడు ఒక్కనాడూ నా కాళ్ళు పట్టలేదు, ఇప్పుడు రోజంతా పట్టుకుని కూర్చున్నాడు," అని వాళ్ళ కంటే ముందు ఆవిడే నవ్వేది.

అప్పటిదాకా ఆవిడకు దోమ అంటే దురదే. మా అమ్మాయికి జ్వరం వచ్చాకే అదేమిటో తెలిసింది.

పిల్ల అప్పుడు మూడో క్లాసు. ఒళ్ళు కాలిపోతోంది. "అమ్మా, కళ్ళ వెనకాల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నారు," అని ఏడ్చింది. మందుల షాపతను నొప్పులకు గట్టి మాత్ర ఇచ్చాడు. పేరు అడగలేదు, మింగించాం. నాలుగైదు రోజులకు జ్వరం దిగింది. నుదురు చల్లగా తగిలేసరికి ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నమే పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. వాంతులు. చిగుళ్ళ నుంచి రక్తం. మేం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే వదిన కత్తెర విసిరేసి, పిల్లను భుజాన వేసుకుని, ఆ మేజోళ్ళతోనే వీధిలోకి పరిగెత్తింది. ఆటో ఎక్కేసరికి ఒక చెప్పు లేదు.

అది డెంగీ అన్నారు. పెద్ద నర్సు ఒకావిడ ఉండేది, విసుక్కుంటూనే అన్నీ విడమరిచి చెప్పేది. "జ్వరం తగ్గింది కదాని గుండెల మీద చేతులేసుకుని కూర్చుంటారు. అసలు గండం తగ్గినప్పుడే అమ్మా! కడుపునొప్పి, వాంతులు, రక్తం, చేతులు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా రావాలి. షాపులో నొప్పి మాత్రలు కొని మింగించకూడదు, వాటితో రక్తం కారడం ఎక్కువవుతుంది. జ్వరానికి పారాసెటమాల్, నోటికి నీళ్ళు, అంతే." పిల్ల గట్టెక్కింది. ఇంటికి పంపేటప్పుడు ఆవిడే ఇంకో మాట అంది. "ఇది ఒక రకం కాదు, నాలుగు రకాలు. ఒకటి వచ్చి పోయిందని మిగతావి ఊరుకోవు. రెండోసారి ఇంకో రకం వస్తే మొదటిదానికంటే ప్రమాదం కావచ్చు. జాగ్రత్త."

ఆ మాట వదిన గుండెలో సూదిలా దిగింది. ఈ పిల్లకు రెండోసారి రాకూడదు. ఆ రోజు నుంచి ఆవిడ ఏం చేసినా అందుకే. వీధి నవ్వింది ఈ ఒక్క పంతం పట్టుకున్న మనిషిని చూసి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. పిల్ల ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వదినకూ ఒళ్ళు వెచ్చబడింది. చేతుల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. మంచం పక్కన బల్ల మీద ముడుచుకుని పడుకునేది. "మీరూ రక్తం పరీక్ష చేయించుకోండి," అంది నర్సు. "నాకేం రోగం? గుండ్రాయిలా ఉంటేనూ," అని మాత్ర ఒకటి వేసుకుని పిల్లకు చెంచాతో నీళ్ళు పట్టడానికి లేచింది. అంతటితో ఆ సంగతి అందరం మరిచిపోయాం.

మొదట ఆవిడ మురుగుకాలువ మీద పడింది. మెకానిక్ షెడ్డు నుంచి మాడిపోయిన ఇంజను నూనె డబ్బాలతో మోసుకొచ్చి కాలువలో పోసింది. ముక్కులు పగిలే కంపు. వీధంతా తిట్టిపోసింది. పిల్లను మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు గొప్పగా చెప్పుకుంటే నర్సు పకపకా నవ్వింది. "మురుగు దోమ వేరు తల్లీ. ఇది మడి కట్టుకున్నంత శుభ్రం గల దోమ. మీరు పట్టుకున్న మంచి నీళ్ళలోనే పిల్లల్ని పెడుతుంది. పగలే కుడుతుంది. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి చూడండి."

"అయితే నా మిషను కింద కాపురం ఉన్నది అదే," అంది వదిన. నూనె డబ్బాలు ఆ రోజే షెడ్డుకు తిరిగి పంపేసింది.

మా వీధిలో కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. ప్రతి గుమ్మం పక్కనా నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి ఉంటుంది. "మూతలు పెట్టుకోండమ్మా," అని వదిన ఇంటింటికీ తిరిగితే అందరూ చూపించారు, పెట్టుకునే ఉన్నాం కదా అని. నిజమే, పెట్టుకునే ఉన్నారు. కానీ తిరగేసి. మూత సరిగ్గా పెడితే పైభాగం నున్నగా ఉంటుంది, చెంబు జారి పడుతుంది. నేల మీద పెడితే మట్టి అంటుకుంటుంది. అందుకని మూత తిరగేసి, ఆ అంచు మధ్యలో చెంబు బోర్లించి పెట్టుకోవడం మా అందరికీ అలవాటు. చెంబు నుంచి కారిన నీళ్ళు, వాన చినుకులు ఆ మూతలోనే నిలుస్తాయి. డ్రమ్ములో నీళ్ళు శుభ్రం. మూతలో నీళ్ళు ఎవరు చూస్తారు?

వదిన చూసింది. ఎదురింటావిడ డ్రమ్ము మూత ఎండలోకి పట్టుకెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీద నుంచి దించుకుని చూసింది. వేలెడు లోతు కూడా లేని నీళ్ళలో, తెగిన దారం ముక్కల్లాంటివి మెలికలు తిరుగుతూ పైకీ కిందకీ పోతున్నాయి.

"చూడవే పిల్లా! మనమే మూత పెట్టాం, మనమే మూతలో పెంచుతున్నాం," అంది. నవ్వలేదు.

ఆ పూట వీధిలో మూతలన్నీ కడిగి, తిప్పి పెట్టింది. సాయంత్రానికి అన్నీ మళ్ళీ వెల్లకిలా పడి ఉన్నాయి, మధ్యలో చెంబులతో. ఎన్నాళ్ళని తిప్పుతుంది? చెంబుకు చోటు చూపించకపోతే మూత ఎలా మాట వింటుంది? అప్పుడు కుట్టడం మొదలుపెట్టింది. చిరిగిన దోమతెరలు, పాత కిటికీ తెరలు అడిగి తెచ్చుకుంది. గుండ్రంగా కత్తిరించి, అంచుకు యూనిఫారం లాగుల ఎలాస్టిక్ వేసి, పక్కన చెంబు తగిలించుకోవడానికి ఒక గుడ్డ మెలిక కుట్టింది. డ్రమ్ము నోటికి తొడిగితే దోమ దూరదు, కొళాయి గొట్టం పైనుంచే పెట్టుకోవచ్చు, చెంబు పక్కన వేలాడుతుంది.

వీధికి పండగ దొరికినట్టయింది. వదిన డ్రమ్ములకు పావడాలు కుడుతోంది! ఎదురింటావిడ అందరూ వినేలా అరిచింది: "వదినా, మా డ్రమ్ముకు ఎర్ర లేసు కూడా వెయ్యి, పెళ్ళికి తీసుకెళ్తాను!"

"తీసుకెళ్ళు తల్లీ. నీ కంటే దానికే నడుము సన్నం," అంది వదిన మిషను ఆపకుండా.

తీసుకున్నవాళ్ళలో కొందరు తొడిగారు. ఒకరు టీవీకి తొడిగారు. ఒకరు కూరగాయల బుట్ట మీద ఈగలకు కప్పారు. ఒకరి ఇంట్లో పిల్లి దాంట్లో పడుకుంది. వదిన ప్రతి ఇంటికీ వెళ్ళి, తిట్టి, లాక్కొచ్చి, మళ్ళీ డ్రమ్ముకు తొడిగేది. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేయించి లోపల పీచుతో తోమించేది. "గుడ్లు నీళ్ళలో కాదే, నీటి అంచున గోడకు అంటుకుంటాయి. నీళ్ళు పారబోసినంత మాత్రాన చావవు. ఎండిపోయినా నెలల తరబడి ఉండి, మళ్ళీ తడి తగలగానే లేస్తాయి. తోము!" అని నెత్తిన నిలబడేది. ఇదా పిచ్చి? తన మిషను ఆపుకుని ఊళ్ళోవాళ్ళ డ్రమ్ములు తోమించడాన్ని పిచ్చి అంటే, ఆ డ్రమ్ముల్లో నీళ్ళు తాగి నవ్వినవాళ్ళను ఏమనాలి?

డ్రమ్ములు దారికొచ్చాయి. దోమలు మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో మా వంటగది కిటికీ తెరిస్తే కనిపించేది.

పక్క మేడ సగంలో ఆగిపోయింది. లిఫ్టు కోసం తవ్వి సిమెంటు చేసిన గుంట ఒకటి అడుగున ఉంది. నిలువెత్తు లోతు, పైన నీడ. వాన నీళ్ళు నిండాయి. పని జరిగే రోజుల్లో కూలీలు ఆ నీళ్ళే బకెట్లతో తోడి కొత్త గోడలు తడిపేవాళ్ళు. పని ఆగింది, నీళ్ళు ఉండిపోయాయి. పట్టపగలు ఆ గుంట మీద దోమలు పొగలా లేచేవి.

వదిన గేటు దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి నడుముకు కట్టుకుని మేస్త్రీ ఒకతను అక్కడే ఉండేవాడు.

"ఆ నీళ్ళు తోడించేయ్ నాయనా."

"గోడలు తడపాలి కదమ్మా. పని మొదలైతే మళ్ళీ నీళ్ళెక్కడివి?"

"పని ఎప్పుడు మొదలు?"

"అయ్యగారు చెప్పినప్పుడు."

"పోనీ వారానికోసారి నన్ను లోపలికి రానివ్వు. నేనే చూసుకుంటాను."

"అమ్మో, బయటివాళ్ళను రానివ్వొద్దన్నారు. మీరు కాలు జారి పడితే పూచీ ఎవరిది?"

ఆవిడ కాలు జారితే పూచీ ఎవరిదని అడిగారు. అక్కడ పుట్టిన దోమ ఇక్కడికొచ్చి ఒక పిల్లను కుడితే పూచీ ఎవరిదని ఈనాటికీ ఎవరూ అడగలేదు.

మేడాయన ఆఫీసుకూ వెళ్ళింది, నన్ను తోడు తీసుకుని. చల్లటి గది. కిటికీలకు సన్నటి జాలీ, దాని మీద ఇంకో జాలీ. ఒక్క దోమ లేదు. ఆయన మమ్మల్ని నిలబెట్టే మాట్లాడాడు.

"ముందు మీ ఇళ్ళలో డ్రమ్ములు చూసుకోండమ్మా. నా స్థలంలో పుట్టిన దోమ అని దాని వీపు మీద రాసుందా?"

"రాసి లేదు బాబూ. కానీ మా ఇంటికొచ్చి మీ పేరు చెప్పుకునే తాగుతోంది," అంది వదిన.

ఆయన నవ్వి ఫోను ఎత్తాడు. మేం మెట్లు దిగి వచ్చేశాం.

ఆ తర్వాత దోమల మందు బండి వచ్చింది. మున్సిపాలిటీకి మొరపెట్టుకున్నది వదినే. బుస్సుమని తెల్లటి పొగ. జనం కిటికీలు మూసుకున్నారు. ఒకతను పొగ కొడుతుంటే ఇంకొకతను ఫోటో తీశాడు. ఎగురుతున్న దోమలు కొన్ని రాలి ఉంటాయి, నీళ్ళలో ఉన్నవాటికి ఆ పొగ తగలనే తగలదు. మేడాయన గేటు దగ్గర మాత్రం బండి ఆగలేదు. తాళం ఉందట. లోపలికి వెళ్ళకూడదట.

మా ఇళ్ళకు తాళాలు లేవు కదా, అందుకని మా ఇళ్ళలోకి వచ్చారు. కుండీలు ఎత్తారు, బకెట్లు వంచారు. వదిన గదిలో మిషను పక్కన ఒక చిన్న గిన్నె ఉంది. కుట్టు మడతలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చిలకరించడానికి ఆవిడ వాడేది. వీధి డ్రమ్ముల మీద పడి ఆ గిన్నె సంగతి ఆవిడే మరిచింది. దాంట్లో నాలుగు దారం ముక్కలు మెలికలు తిరుగుతూ దొరికాయి. తలుపు మీద ఎర్ర కాగితం అంటించారు. ఈ ఇంట్లో దోమ పిల్లలు ఉన్నాయి అని పెద్ద అక్షరాలు.

వదిన గిన్నె వాళ్ళ ముందే బోర్లించి, పీచుతో తోమి, ఎండలో పెట్టింది. తర్వాత మెడలో వేలాడే టేపు చేతిలోకి తీసుకుంది. "నా గిన్నెకు ఇంత కాగితం అంటించారు, మంచిది, ఒప్పుకున్నాను. ఆ గుంటకు ఎంత కాగితం పడుతుందో కొలుద్దాం రండి," అంది. వాళ్ళు బండి ఎక్కేశారు.

వీధి వీధంతా నవ్వింది. దోమల వదిన గిన్నెలోనే దోమలట! మేడాయన అయితే ఎదురుపడ్డప్పుడల్లా, "ముందు నీ తలుపు చదువుకో తల్లీ," అనేవాడు. నేను ఆ కాగితం పీకేయబోతే వదిన చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. నాది నేను కడుక్కున్నాను. దీన్ని చదివినవాళ్ళకు ఎప్పటికైనా పక్క గేటు మీద కాగితం ఏదని అనుమానం రాకపోతుందా?"

రాలేదు. చదివారు, నవ్వారు, వెళ్ళారు.

బళ్ళు తెరిచే ముందు రోజులవి. మిషను చుట్టూ యూనిఫారం గుడ్డలు నడుమెత్తు ఉన్నాయి. వదినకు జ్వరం వచ్చింది. నేను కిందికి వెళ్ళేసరికి గదిలో ఒక వింత. పాత దోమతెర ఒకటి పైకప్పు కొక్కేనికి కట్టి, మిషనూ స్టూలూ దాని లోపల పెట్టుకుని, అందులో కూర్చుని కుడుతోంది. వలలో చిక్కిన చేపలా ఉంది.

"ఇదేంటి వదినా?"

"పిల్లను ఈ గదిలోకి రానివ్వకు. నన్ను కుట్టిన దోమ వెళ్ళి దాన్ని కుట్టిందంటే నా జ్వరం దానికి అంటిస్తుంది. అందుకే ఈ తెర. దోమ నా దగ్గరికి రాకూడదు, నా దగ్గర్నుంచి పోకూడదు."

"ఆసుపత్రికి పోదాం పద."

"ఈ లాగులు తెమలనీ. బడికి పిల్లలు ఏం వేసుకుపోతారే?"

తెర బయట నిలబడి పిల్ల "అత్తా" అని పిలిస్తే, లోపలి నుంచి సూది ఊపి చూపించేది. అంతే. తన రక్తంలో ఉన్న విషం వీధిలోకి పోకుండా తనను తాను మూట కట్టుకున్న మనిషి ఆవిడ. నిలువెత్తు గుంట తెరిచి పెట్టుకున్నవాడేమో పెద్దమనిషి!

తర్వాత జ్వరం దిగింది. "చూశావా, పోయింది," అంది. మొహం తెల్లకాగితంలా ఉంది. నేను నర్సు మాట గుర్తుచేశాను. "అది పిల్లలకే, నాలాంటి మొండి ఘటానికి కాదు," అని నవ్వింది. కడుపునొప్పి సంగతి చెప్పనే లేదు. మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చేతులు పట్టుకుంటే మంచుముక్కల్లా ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు, ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా అని. మా ఆయన రాలేదనేశాడు. నాకు అప్పుడు ఆ బల్ల గుర్తొచ్చింది. చేతుల మీద దద్దుర్లు, ముడుచుకుని పడుకున్న మనిషి. వచ్చింది. పిల్లతోపాటే వచ్చింది. పిల్లకు రెండోసారి రాకూడదని కాపలా కాసిన మనిషికి రెండోసారి తనదేనని తట్టలేదు. తనను తాను ఆవిడ ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. ఇంకెవరం మాత్రం వేశాం? తెల్లారకుండానే అయిపోయింది.

ఇదీ ఆ మనిషి. ఇప్పుడు మళ్ళీ ఆ గదిలోకి వస్తాను. ఆ స్టూలు మీద కూర్చుని ఆ మాటన్న మేడాయన దగ్గరికి.

నేను గ్లాసుల పళ్ళెం మిషను మీద పెట్టాను.

"లేవండి," అన్నాను.

ఆయనకు వినపడలేదో, నేను మాట్లాడానని నమ్మలేదో. "ఏంటమ్మా?"

"అది మా వదిన స్టూలు. లేవండి."

లేచాడు. గదిలో దగ్గులు ఆగిపోయాయి. గుమ్మం బయట మేస్త్రీ నిలబడి ఉన్నాడు, నడుముకు తాళంచెవితో.

"గేటు తాళం ఇవ్వండి," అన్నాను.

"ఇది పరామర్శకొచ్చిన ఇల్లు. ఇప్పుడా ఈ మాటలు? మీ ఆవిడకు చెప్పవయ్యా," అని మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన నోరు తెరిచాడు. అక్క ఫోటో చూశాడు. నోరు మూసుకున్నాడు.

"తలుపు మీద కాగితం చదవమనేవారు కదా ఆవిడను. ఆవిడ చదివింది, గిన్నె కడుక్కుంది. దోమ పట్టుకుపోయిందన్నారు. ఆ దోమకు ఇల్లెక్కడో ఈ గదిలో అందరికీ తెలుసు, మీక్కూడా. మా పిల్లకు ఒకసారి వచ్చి పోయింది. ఇంకోసారి రానివ్వను. తాళం ఇవ్వండి."

"సరే, రేపు మనుషుల్ని పంపిస్తాలే."

"ఇప్పుడే."

ఇన్నేళ్ళు వదిన నా వంతు మాట్లాడింది. ఆ పూట ఆవిడ వంతు నాకొచ్చింది.

ఎదురింటావిడ, ఎర్ర లేసు అడిగినావిడ, జనాన్ని తోసుకుని వచ్చి గుమ్మానికి అడ్డంగా నా పక్కన నిలబడింది. ఆవిడ నిలబడితే ఆ గుమ్మంలోంచి గాలి కూడా దూరదు. "ఇవ్వండి బాబూ. తాళమేగా అడిగింది, మేడ అడగలేదుగా," అంది.

మేస్త్రీ యజమాని మొహం చూడలేదు. నడుం ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

వీధికి నీళ్ళు తెచ్చే ట్యాంకరు డ్రైవరు తన మోటారు గొట్టం గుంటలోకి దింపాడు. ఆ నీళ్ళు రోడ్డంతా పారి, ఎండకు ఆరిపోయాయి. అడుగున మిగిలినవి వీధి ఆడవాళ్ళం బకెట్లతో తోడాం. ఎదురింటావిడ నిచ్చెన దిగి పీచుతో గోడలు తోముతూ, "నీటి అంచునే కదూ అంటుకుని ఉంటాయి?" అని అడిగింది. అవునన్నాను. మేడాయన గేటు బయట ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, ఆడవాళ్ళు దౌర్జన్యం చేస్తున్నారని.

తర్వాత మందు బండి మళ్ళీ వచ్చింది. ఈసారి గేటు తెరిచి ఉంది కాబట్టి ఎండిన గుంట పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు, అదేదో వాళ్ళే ఎండబెట్టినట్టు. వెళ్తూ వెళ్తూ వదిన తలుపు మీద కాగితం పీకబోయాడు ఒకతను. "పోయినావిడ కదా, ఇంకెందుకులే అమ్మా," అన్నాడు, ఏదో మేలు చేస్తున్నట్టు.

"ముట్టుకోకండి. ఆ గేటు మీద ఒకటి అంటించండి. అప్పుడు రెండూ కలిపి పీకుదురుగాని," అన్నాను. అక్కడ అంటించలేదు, ఇక్కడ పీకలేదు. కాగితం అలాగే ఉంది, వానకు రంగు వెలిసి.

తాళంచెవి వదిన మిషనుకు, దారం రీలు పెట్టే పుల్లకు వేలాడుతోంది. మేస్త్రీకి పనుంటే వచ్చి అడుగుతాడు, ఇస్తాను. సాయంత్రం తిరిగి తెచ్చి తగిలిస్తాడు. డ్రమ్ముల పావడాలు ఇప్పుడు నేను కుడుతున్నాను. నా కుట్టు వంకర. పిల్ల బడికి వెళ్ళేటప్పుడు మేజోళ్ళు పైదాకా లాక్కుంటుంది, చెప్పకుండానే.

నిన్న గట్టి వాన పడింది. వెలిశాక వదిన మేజోళ్ళు తొడుక్కుని, చీపురూ బకెట్టూ పట్టుకుని వెళ్ళాను. గుంటలో చీలమండ లోతు నీళ్ళు చేరాయి. చీపురు గట్టున పెట్టి, బకెట్టుతో నిచ్చెన దిగి తోడుతున్నాను. పైన మేడాయన ఎవరికో గదులు చూపిస్తూ అటొచ్చాడు. వంగి చూశాడు.

"నీక్కూడా పట్టిందా అమ్మా, ఆవిడ పిచ్చి?"

"పట్టింది. ఆ చీపురు ఇటు అందివ్వండి," అన్నాను.